ఈసారి ఏ భాష, వదినా?

ప్రియమైన వదినకి,

నీ బుద్ది రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, చలికి స్వెట్టరు వేసుకుంటున్నాను, దగ్గు తగ్గింది. నువ్వు అడగబోయేవాటికి జవాబులు అయిపోయాయి కాబట్టి ఇక అసలు సంగతికి వస్తాను. ఫోన్ చేయొచ్చు కదా అనకు. ఫోన్ చేస్తే అన్నయ్య పక్కనే కూర్చుని నాకివ్వు నాకివ్వు అంటాడు, నువ్వు ఇచ్చేస్తావు. ఈ మాటలు నీ ఒక్కదానికే. వాడు డిపోకి వెళ్ళాక తీరిగ్గా చదువుకో.

మా ఆసుపత్రి వాళ్ళు ఈ ఏడాది నాకు ఇంకో విదేశీ భాష నేర్పిస్తామన్నారు. సగం పూట డ్యూటీ, సగం పూట క్లాసు. జర్మన్, స్పానిష్ ఎలాగూ ఉన్నాయి, మూడోది ఏదో నెలాఖరులోగా తేల్చి చెప్పాలి. అది పూర్తిచేస్తే సీనియర్ దుభాషీని చేస్తారు. అన్నయ్య జపనీస్ అంటున్నాడు. డిపోకి కొత్తగా వచ్చిన బస్సుల పుస్తకాలన్నీ ఆ భాషలోనే ఉన్నాయట, అది వస్తే కంపెనీల వాళ్ళు నన్ను కళ్ళకద్దుకుని తీసుకుపోతారట. మా హెడ్ మేడమ్ అరబిక్ తీసుకోమంటోంది. పిల్లల వార్డుకి అరబిక్ మాట్లాడే కుటుంబాలు చాలా వస్తున్నాయి, ఉన్న ఒక్క దుభాషీ ఎటూ చాలడం లేదు. పిల్లల వార్డు నాకు పడదని ఆవిడకి తెలుసు. అయినా అడుగుతూనే ఉంది. పిల్లల వార్డు తప్ప ఎక్కడైనా వేయండి, ఎముకల విభాగంలోనే ఉంటాను అని నేనూ చెబుతూనే ఉన్నాను. సరే, అది అలా ఉంచు.

వదినా, నేను నీ భాష, మీ దేశం భాష నేర్చుకుందామనుకుంటున్నాను. అనుకోవడం కాదు, నిశ్చయించుకున్నాను. వీళ్ళిచ్చిన వాటిలో అది లేదు. అంటే సీనియర్ పదవి ఈసారికి లేనట్టే. ఫరవాలేదు. సాయంత్రాలు సొంతంగా నేర్చుకుంటాను. రేపో ఎల్లుండో మేడమ్‌కి చెప్పేస్తాను. ఎవరికైనా చెప్పేముందు నీకు చెప్పాలనిపించింది.

ఇదేం పిచ్చి అంటావేమో. పోయిన వారం నీకు ఫోన్ చేసి, ఒక పెద్దావిడతో మాట్లాడి పెట్టమన్నాను కదా. ఫోన్‌కి నీ వైపు జరిగిందే నీకు తెలుసు. నా వైపు ఏం జరిగిందో నువ్వు చూడలేదు.

ఆవిడకి ఎనభై దాటి ఉంటాయి. విహారయాత్ర బృందంతో వచ్చి, హోటల్ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. బృందం బస్సెక్కి తర్వాతి ఊరికి వెళ్ళిపోయింది. కొడుక్కి కబురు చేశారు గానీ అతను రావడానికి టైం పడుతుంది. ఆపరేషన్ ఆలస్యమైతే ఈవిడ ఇక మంచం దిగదని డాక్టరు కంగారు. ఆవిడేమో డాక్టరు గుమ్మంలో కనబడితే చాలు, దుప్పటి గడ్డం దాకా లాక్కుని తల అడ్డంగా ఊపుతోంది. అనువాదం చేసే ట్యాబ్ ఒకటి ఉంటే తెచ్చి చేతికిచ్చారు. అదేం చెప్పిందో ఏమో, దాన్ని తీసి తలగడ కిందకి తోసేసింది. చివరికి జర్మన్ ఏమైనా పనికొస్తుందేమోనని నన్ను పిలిచారు.

నేను గదిలో అడుగు పెడుతుండగా ఆవిడ ఏదో గొణిగింది. నేనక్కడే ఆగిపోయాను. పాలు పొంగిపోయినప్పుడు నువ్వు అనే మాట అది. సూదిలోకి దారం ఎక్కకపోయినా అదే అంటావు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆ మాటకి అర్థమేమిటని నేను ఒక్కసారైనా అడగలేదు.

నీ భాషలో నాకు ఆ మాట కాక ఇంకేం వచ్చని వెతుక్కున్నాను. ఒకటి నుంచి పది దాకా అంకెలు దొరికాయి, నువ్వు కుట్లు లెక్కపెడుతుంటే విన్నవి. వేరే దారి లేక ఆవిడ ముందు నిలబడి పది దాకా లెక్కపెట్టాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని విని, పదకొండు, పన్నెండు అని తను అందుకుంది. అక్కడితో నా విద్య అయిపోయింది. అప్పుడే నీకు ఫోన్ చేసింది.

స్పీకర్ ఆన్ చేసి ఆవిడ చెవి దగ్గర పెట్టాను. ముందు ఇద్దరూ మెల్లగానే మొదలుపెట్టారు. తర్వాత నీ గొంతు మారిపోయింది వదినా. అంత వేగంగా నువ్వు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ ఏదో చెబుతుంటే అడ్డం వెళ్ళావు. మన ఇంట్లో నువ్వు ఎవరి మాటకైనా అడ్డం వెళ్ళావా అసలు? కాసేపటికి గొంతు లావు చేసి ఎవరినో అనుకరించావు, డాక్టర్నే అయ్యుంటుంది. ఆవిడ ఆ విరిగిన తుంటితో నవ్వలేక, నవ్వు ఆపుకోలేక, మంచం కమ్మీ పట్టుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఏమైందోనని నర్సు పరిగెత్తుకొచ్చింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా డాక్టరు కూడా నవ్వేశాడు. ఆ తర్వాత నువ్వు గట్టిగా గదమాయించావు. ఆవిడ బుద్ధిగా తలూపి, దుప్పటి తనే కిందకి జరిపి, డాక్టరు వైపు చెయ్యి చాచింది.

నేను ఫోన్ తీసుకుని ఏం మాట్లాడుకున్నారని అడిగాను. నువ్వు మన భాషలోకి వచ్చి, ఎప్పటిలా కూడబలుక్కుంటూ, "ఒప్పుకున్నారు. కాలు తీసేస్తారని భయపడ్డారు. తియ్యరని చెప్పాను" అన్నావు. అంతే. అంతసేపటి మాటలకీ, అంత నవ్వుకీ మాకు మిగిలింది ఆ మూడు ముక్కలు.

బయటికొచ్చి కారిడార్‌లో బెంచీ మీద కూలబడ్డాను. ఆ గలగలలాడే మనిషి ఇరవై ఏళ్ళు మన ఇంట్లోనే ఉంది, నేను ఆవిణ్ణి కలుసుకోనే లేదు అనిపించింది. మా వదిన నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేని మనిషి అని స్నేహితులందరికీ గొప్పగా చెప్పుకున్నదాన్ని.

నువ్వు వచ్చిన కొత్తలో రోజులన్నీ గుర్తుకొచ్చాయి. అమ్మ పోయి ఏడాది. అన్నయ్య బస్సుల పని నేర్చుకోవడానికి మీ దేశం వెళ్ళి, నిన్ను చేసుకుని వచ్చాడు. నాన్నకి ఏం మాట్లాడాలో తెలియక పొద్దస్తమానం పేపరు చదివేవాడు. నాకు తొమ్మిదేళ్ళు. అన్నయ్య నన్ను "బుడ్డీ" అని పిలిస్తే నీకు నోరు తిరక్క "బుద్దీ" అన్నావు. పోనీలే, దీనికి లేనిది వదినైనా ఇచ్చింది అని నాన్న నవ్వాడు. అమ్మ పోయాక నాన్న నవ్వగా చూడటం అదే మొదలు. నా ఒకటో తరగతి వాచకం తీసి నీకు పాఠాలు చెప్పేదాన్ని. తలుపు, కిటికీ, చెంచా అని వేలు పెట్టి చూపిస్తే అన్నీ పలికేదానివి. మర్యాదలు మాత్రం తారుమారు చేసేదానివి. పక్కింటి కుక్కపిల్లని "రండి, కూర్చోండి" అనేదానివి, హెడ్మాస్టరుగారిని "ఒరేయ్, నువ్వు బాగున్నావా" అన్నావు. నాకు భాషల పిచ్చి పట్టిందంటే అక్కడే. ఒక మాట నా నోట్లోంచి వెళ్ళి నీ నోట్లో నిలబడితే ఆ రోజంతా గాల్లో తేలేదాన్ని. కాలేజీలో జర్మన్ తీసుకుంటానంటే అందరూ ఎందుకు పనికొస్తుంది అన్నారు, నువ్వొక్కదానివే పుస్తకాల సంచీ కుట్టిచ్చావు. ఈ ఉద్యోగం, ఈ గది, నా కాళ్ళ మీద నేను నిలబడటం, అన్నీ నీ చలవే.

మరి మేము నీకు చేసిందేమిటి? మీ అమ్మగారు వచ్చి మన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మేమంతా ఆవిణ్ణి చూసి నవ్వుతూ తలూపాం. ఆవిడా తలూపింది. నాన్నయితే గట్టిగా అరిస్తే అర్థమవుతుందనుకున్నాడు. మా భాష అంతా నీకు నేర్పించాం, నీది ఒక్క మాటైనా నేర్చుకోలేదు. అందుకే ఈసారి నీ భాష. పెద్దావిడ ఆపరేషన్ బాగా జరిగింది. రోజూ నన్ను చూడగానే ఒకటి నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టిస్తోంది. ఇరవై దాకా వచ్చాను.

ఎప్పటికీ
నీ బుద్ది

*

బంగారు తల్లి బుద్దికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నీ కోసం, ఒకసారి తెలియని మాటల కోసం. అన్నయ్య ఏం రాసింది అని అడిగారు. స్వెట్టరు వేసుకుంటోందట అని చెప్పాను. ఆయనకి అది చాలు.

చదువుతూ నా కుట్టు దుకాణంలో ఏడ్చాను. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఆయన కంగారుపడి, పొడుగ్గా ఉన్నా ఫరవాలేదండీ అన్నారు. నీ మనసు నాకు తెలుసు. కానీ నా భాష నేర్చుకోవద్దు.

కోపం తెచ్చుకోకు. చెబుతాను. ఆ భాష నా సొంత గది. మీ ఇల్లు మంచి ఇల్లు. కానీ మీ నాన్నగారు, అన్నయ్య, నువ్వు, వచ్చేపోయేవాళ్ళు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. నేను తలుపు వేసుకోగలిగిన గది అదొక్కటే. మీ అందరినీ నేను అందులోనే తిట్టుకున్నాను. మీ నాన్నగారి పేపరుని తిట్టుకున్నాను. అన్నయ్య గ్రీజు చేతులతో తెల్లటి తువ్వాలు పట్టుకుంటే ఆయన్ని ఏమనేదాన్నో నువ్వు నేర్చుకుంటే నీకు తెలిసిపోతుంది. పాలు పొంగినప్పటి మాటకి అర్థం చెప్పను. ఎముకల డాక్టరు ముందు మాత్రం ఎప్పుడూ అనకు.

ఇంకొకటి. నువ్వు నన్ను చూసి జాలిపడ్డావు. వద్దు. నా భాషలో నా నోరు చాలా వేగం, నిజమే. ఆ వేగంతోనే మా చెల్లెలితో పోట్లాడి, ఆరేళ్ళు మాట్లాడుకోలేదు. మీ భాషలో తిట్టాలంటే మాట వెతుక్కోవాలి. వెతుక్కునేలోపు కోపం పోయేది. అలా నెమ్మది వచ్చింది. ఆ నెమ్మది మనిషి కూడా నేనే. ఆమెని నేను మీ ఇంట్లో తయారుచేసుకున్నాను. నాకు ఆమె అంటే ఇష్టం. నువ్వు కలుసుకోని మనిషి ఎవరూ లేరు. నువ్వు పెరిగింది నా దగ్గరే.

ఇప్పుడు నువ్వు అలా ఉంచు అన్న సంగతి. నీ ఉత్తరంలో పిల్లల వార్డు అని పదే పదే రాసి, అలా ఉంచు అన్నావు. నేను ఉంచను. ఎందుకు పడదో నాకు తెలుసు. మనం ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు. ఈరోజు నేను అంటాను.

నేను వచ్చిన రెండో ఏడాది. నాకు ఇంకా నెలలు నిండలేదు. అన్నయ్య డిపో పని మీద వేరే ఊరు వెళ్ళారు. పక్కింటావిడ నన్ను ఆసుపత్రిలో చేర్చి, తన పిల్లల కోసం ఇంటికి వెళ్ళారు. నువ్వు స్కూలు బట్టలతో నా మంచం పక్కన నిలబడ్డావు. డాక్టరు వచ్చి ఏదో చెప్పారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పారు, మర్యాదగా, పెద్ద పెద్ద మాటలతో. నేను నవ్వాను. అర్థం కానప్పుడు నవ్వడం అప్పుడు నాకు అలవాటు. ఆయన తల దించుకుని వెళ్ళిపోయారు. పాపని ఎప్పుడు తీసుకొస్తారు అని నిన్ను అడిగాను.

నువ్వు నాకు వచ్చిన మాటల్లోంచి రెండు ఏరుకున్నావు. నువ్వే నేర్పిన మాటలు. "పాప లేదు" అన్నావు. నాకు అర్థమైంది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు, నేను ఏడ్చాను. అన్నయ్య వచ్చేదాకా నువ్వు చెయ్యి తియ్యలేదు.

తర్వాత చాలా రోజులు నువ్వు నా మొహంలోకి చూడలేదు. నీ నోటితో ఆ మాట అన్నావు కాబట్టి నాకు నీ మీద కోపం అనుకున్నావు. పదేళ్ళ పిల్లవి. కోపం లేదని చెప్పడానికి అప్పుడు నాకు భాష లేదు. భాష వచ్చాక ఆ మాట ఎత్తడానికి ధైర్యం లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. విను.

ఆ రోజు నువ్వు చెప్పకపోతే నేను సాయంత్రం దాకా నవ్వుతూ ఉండేదాన్ని. వచ్చిన ప్రతి నర్సునీ చూసి నవ్వేదాన్ని. పాపని తెస్తున్నారేమో అని తలుపు వైపు చూసేదాన్ని. అందరికీ తెలుసు, నాకు ఒక్కదానికే తెలియదు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నన్ను ప్రేమించే మనిషి నాకు అర్థమయ్యే మాటతో చెప్పింది. అందుకు నీకు ఇన్నేళ్ళుగా నా మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాను. తర్వాత మాకు పిల్లలు కలగలేదు. ఆ బాధ ఉంది. నీ మాట వల్ల వచ్చిన బాధ మాత్రం ఒక్క చుక్క లేదు.

నాకోసం కొత్త భాష నేర్చుకోనక్కర లేదు. మనకి ఒక భాష ఉంది, బాగానే నడుస్తోంది. నువ్వు ఒకసారి ఆ పిల్లల వార్డుకి వెళ్ళి చూడు. అర్థం కాక నవ్వుతున్న తల్లి ఎవరైనా ఉందేమో చూడు. లేకపోతే జపనీస్ తీసుకో, అన్నయ్య సంతోషిస్తారు.

ఆదివారం రైలుకి వస్తున్నాను. పెద్దావిడకి ఉన్ని మేజోళ్ళు అల్లాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నీ వదిన

*

నా వదినకి,

నువ్వు వచ్చి వెళ్ళాక రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఇంత ఆలస్యమెందుకంటే, చెప్పడానికి ఏదైనా జరిగాకే రాయాలని పట్టుబట్టాను.

ముందు నీ సంగతి. పెద్దావిడ కొడుకు నుంచి మా విభాగానికి కబురొచ్చింది. ఆవిడ కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతోందట, మేజోళ్ళు ఎలా అల్లాలో నీతో తెగని తగువు ఇంకా మిగిలే ఉందట. నువ్వు వార్డులో ఉన్న రెండు రోజుల్లో ఆ గదిలో జరిగిన గొడవ నర్సులు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మీ భాష వాళ్ళెవరైనా వస్తే నీకే ఫోన్ చేయాలని మేడమ్ గోడ మీద నీ నంబరు రాసి పెట్టింది. కాబట్టి మీ భాషకి మా ఆసుపత్రిలో మనిషి కుదిరింది. నీ గది తలుపు దగ్గరికి నేను రాను.

నువ్వు రైలెక్కిన మర్నాడు పొద్దున్నే పిల్లల వార్డుకి వెళ్ళాను. డ్యూటీ ఏం లేదు. ఊరికే గుమ్మంలో నిలబడ్డాను. కిటికీ పక్క మంచం మీద నాలుగైదేళ్ళ పాప బొమ్మలకి రంగులు వేసుకుంటోంది. డాక్టరు వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు నోటి వంకే చూస్తూ నవ్వుతోంది. వదినా, నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. మెట్లు దిగి నేరుగా మేడమ్ గదికి వెళ్ళి అరబిక్ అన్నాను. ఆవిడ ఎందుకు మనసు మారిందని అడగలేదు. నేను మళ్ళీ మార్చుకుంటానేమోనని వెంటనే ఫోన్ తీసి క్లాసుకి నా పేరు ఇచ్చేసింది.

కష్టంగానే ఉంది. రాత కుడి నుంచి ఎడమకి, చొక్కా తిరగేసి వేసుకున్నట్టుంది. కొన్ని అక్షరాలు గొంతు అడుగు నుంచి రావాలి. చేపముల్లు ఇరుక్కున్నదానిలా నేను చేసే చప్పుళ్ళకి మా మాస్టారు జాలిపడి మంచినీళ్ళు తాగమంటాడు. నీకు "డ" రాక పడ్డ పాట్లు ఇప్పుడు నాకు తెలిసొస్తున్నాయి. అన్నయ్య మాత్రం అలిగాడు. అలకలోనే, ఆ భాషలో ఇంజన్‌ని ఏమంటారని అడిగాడు.

ఆరు నెలల క్లాసు అయ్యాక నిన్న మొదటిసారి నన్ను వార్డుకి పంపారు. సీనియర్ దుభాషీ పక్కనే కూర్చున్నాడు, నేను తడబడితే అందుకోవడానికి. ఆ పాపే, ఆ తల్లే. ఇన్నాళ్ళూ వేసిన మందు పనిచేయలేదని, దాన్ని ఆపి ఇంకోటి మొదలుపెడతారని, అది కాస్త గట్టి మందని డాక్టరు చెప్పాలి. మా పనిలో డాక్టరు "నేను" అంటే మేమూ "నేను" అనే అనాలి. ఆ మాటకి భయపడే నేను ఇన్నేళ్ళూ ఆ వార్డు గడప తొక్కలేదు. కబురు ఎవరిదైనా, చెప్పే నోరు నాదే కదా అని.

డాక్టరు ఒక్కో వాక్యం చెప్పి ఆగాడు. పెద్ద మాటలు నాకు రావు కాబట్టి చిన్నవే ఏరుకున్నాను. ఈ మందు పనిచేయలేదు. దీన్ని ఆపుతాను. ఇంకో మందు ఉంది. దానికి జుట్టు ఊడుతుంది. మీరు పక్కనే ఉండొచ్చు. ఆవిడ మొహం మీద నవ్వు పోయింది. మళ్ళీ చెప్పమంది, మళ్ళీ చెప్పాను. ఏడ్చింది. నేను కదలకుండా కూర్చున్నాను. పారిపోవాలనిపించలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎన్నాళ్ళు పడుతుంది, తిండి సయిస్తుందా, పాపకి ఎలా చెప్పాలి. వాటిలో కొన్ని నాకు అందాయి, అందనివి సీనియర్ అందుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆవిడ ఏమీ అడిగేది కాదు, నవ్వి ఊరుకునేది అని డాక్టరు అన్నాడు. నిన్న పూట గడిచేదాకా అడిగింది.

లేచి వస్తుంటే చెయ్యి పట్టుకుని, మా భాష నీకెవరు నేర్పారు అంది. మాస్టారు అని చెప్పాల్సింది. మా వదిన అన్నాను. వదినకి వాళ్ళ దగ్గర విడిగా మాట లేదు, "అన్న భార్య" అనాలి. ఆవిడ నీ గురించి ఒక పొడుగాటి మాట అంది. దీవెన అని మాత్రం తెలిసింది, సగమే అర్థమైంది. మిగతా సగం సీనియర్‌ని అడగొచ్చు, అడగలేదు. నా అంతట నాకు అర్థమయ్యేదాకా దాన్ని అలాగే దాచుకోవాలనుంది. అర్థమైన సగం ఇదిగో, నీకు పంపుతున్నాను:

ఆవిడ చేతులు చల్లగా ఉండాలి.

నీ బుద్ది